పండగ మర్నాటి పంక్తి

(సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



మాకు పది నిమిషాలు టైము ఇచ్చారు. ప్రతి ఏడాదీ ఈ పది నిమిషాల్లో పొదుపు ఎంత చేశాం, బ్యాంకు లింకేజీ ఎంత తీసుకున్నాం, స్త్రీనిధి అప్పు ఎన్ని వాయిదాలు కట్టాం అని చెప్పి దిగిపోతాం. అవన్నీ ఈ పుస్తకంలో పట్టికలో ఉన్నాయి. చూసుకోండి, ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ఈసారి పట్టికలోకి రాని సంగతి ఒకటి చెప్తామని అడిగాం. ఏం సంగతి అంటే, "సంక్రాంతికి మిగిలిన వంటల గురించి" అన్నాం. సమాఖ్య వాళ్ళు నవ్వారు. మీరూ నవ్వండి, ఫర్వాలేదు. కానీ చివరిదాకా వినండి.

మాది కోనసీమ. మా వైపు సంక్రాంతి అంటే నాలుగు రోజులు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ. ఆడవాళ్ళకి మాత్రం నాలుగు రోజులు కాదు, రెండు వారాలు. బియ్యం నానబొయ్యడం, తడిపిండి ఆడించడం, బెల్లం కొట్టుకోవడం, పాకం పట్టడం. అరిసెల పాకం సంగతి మీకు మేము చెప్పక్కర్లేదు. నీళ్ళల్లో వేస్తే ఉండ కట్టాలి. కొంచెం ముదిరితే అరిసె గట్టిపడుతుంది, కొంచెం లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఆ తర్వాత చక్రాలు, పోకుండలు, సున్నుండలు, గవ్వలు. భోగినాడు చీకటితోనే లేచి మంట, పిల్లలకి తలంట్లు, సాయంత్రం భోగిపళ్ళు. సంక్రాంతినాడు పెద్దలకి పెట్టుకుంటాం కాబట్టి మడిగా వంట. పులిహోర, బూరెలు, గుమ్మడికాయ దప్పళం, పరవాన్నం. కనుమనాడు పశువుల పండగ. ఆ రోజు మినుము తినాలని గారెలు, దానికి తోడు నాటుకోడి పులుసు.

కనుమనాడు కాకి కూడా కదలదు అంటారు. కాకి సంగతి ఏమో గానీ, మా ఇళ్ళల్లో మగవాళ్ళు, పిల్లలు అందరూ కదుల్తారు. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, జనం వరి చేలల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు. చూసి తీరాల్సిన తీర్థం. వాళ్ళు చూసి ఇంటికి వచ్చేసరికి గారెలు వేడిగా ఉండాలి కదండీ. అందుకని కదలని కాకులం మేమే.

ఇంక ముక్కనుమ. ఆ రోజుకి ఇల్లంతా గిన్నెలే. సగం గిన్నె దప్పళం, అడుగున పులిహోర, ముప్పై గారెలు, పది బూరెలు, కోడి పులుసు. వచ్చిన చుట్టాలు సగంమంది బస్సులెక్కేస్తారు. మగవాళ్ళకి పండగ నీరసం. మిగిలినవి ఎవరు తింటారు? మీ అందరికీ తెలుసు ఎవరు తింటారో.

మూడు సంక్రాంతుల కిందట జరిగింది చెప్తాం. పండగ అయ్యాక మొదటి మీటింగు. పదకొండుమందికి ఏడుగురే వచ్చారు. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం, మా సంఘం దాన్ని గట్టిగా పాటిస్తుంది. మరి నలుగురు ఎందుకు రాలేదని కనుక్కుంటే, ఇద్దరు పుట్టింట్లో ఉన్నారు. ఇద్దరు మంచాన ఉన్నారు. వాంతులు, విరేచనాలు. ఒక అక్కకి సెలైను ఎక్కించాల్సి వచ్చింది. కనుమ మధ్యాహ్నం వండిన కోడి పులుసు పొయ్యి గట్టు మీదే ఉండిపోయింది. మర్నాడు రాత్రికి పిల్లలు "వాసన వస్తోంది, మాకొద్దు" అన్నారు. ఆయన వద్దన్నాడు. అత్తగారికి నలతగా ఉంది. "పారబోస్తే పాపం కదా, కోడి ఎంత పెట్టి కొన్నాం" అని ఈమె తినేసింది. రెండో ఆమెది కూడా దాదాపు ఇదే కథ. ఆమెది కొబ్బరి పచ్చడి.

సెలైను ఎక్కిన అక్క అంతర్గత అప్పు రెండు వేలు తీసుకుంది. అప్పు రిజిస్టరులో కారణం దగ్గర "ఆరోగ్యం" అని రాశాం. రాసిన చెయ్యి అక్కడే ఆగింది. ఇది ఆరోగ్యం ఖర్చా? పారబొయ్యలేక తిన్న కూర ఖర్చు కదా. ఆ కూర విలువ కన్నా ఎన్ని రెట్లు పెట్టాం? పైగా మూడు రోజుల కూలి పోయింది.

ఆ రోజు ఎజెండా పక్కన పెట్టేసి ఒక ప్రశ్న వేసుకున్నాం. వరసగా ఒక్కొక్కరూ జవాబు చెప్పాలి. ప్రశ్న ఏంటంటే, "ఈ నాలుగు రోజుల పండగలో మీరు ఒక్క పూటైనా ఇంట్లో వాళ్ళతో కలిసి కూర్చుని తిన్నారా?"

మొదటి అక్క నవ్వి ఊరుకుంది. రెండో ఆమె "వడ్డించేవాళ్ళు ఎవరు మరి?" అంది. మూడో ఆమె వంటగదిలో నిలబడే తిన్నానంది. వరస తిరిగి వచ్చేసరికి ఒక్కళ్ళు కూడా అవునని చెప్పలేదు. మాలో పెద్దామెకి అరవై దాటాయి. ఆవిడ ఒక్క మాట అంది. "వేడి గారె ఎలా ఉంటుందో నాకు పెళ్ళయ్యాక తెలీదమ్మా" అని. ఎవరం మాట్లాడలేదు. అన్ని వందల గారెలు వేసిన చెయ్యి అది.

మాలో ఇంకో ఆమె గల్ఫ్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. మా వైపు అలా వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆమె మామూలుగా మీటింగులో ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు అంది, "అక్కడ వాళ్ళ ఇంట్లో మిగిలింది తిని బతికాను. జీతానికి వెళ్ళాను కాబట్టి బాధ అనిపించలేదు. ఇక్కడ నా సొంత ఇంట్లో కూడా మిగిలిందే తింటున్నాను. ఇక్కడ నాకు జీతం కూడా లేదు."

అది విన్నాక ఇంక ఆ సంగతిని అలా వదిలేసి ఇళ్ళకి పోలేకపోయాం.

ఇది మా పదకొండుమంది గొడవే అనుకున్నాం. మా వి.ఓ.ఏ. చెల్లి చెప్పింది, దేశమంతా లెక్క తీశారని. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, ఇంటిపని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే మనది ఇంచుమించు అయిదు గంటలు. అది మామూలు రోజుల లెక్క. పండగ రోజుది ఎవరూ లెక్క పెట్టి ఉండరు. ఇంకో లెక్క కూడా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత అని వచ్చింది. ఇలా చివర తినడం, మిగిలింది తినడం, మిగలకపోతే మజ్జిగతో సరిపెట్టుకోవడం కూడా అందులో ఒక కారణం కాదంటారా? మీరే ఆలోచించండి.

అక్కలారా, ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మిగిలినవి తినడం తప్పని మేము అనడం లేదు. అసలు ముక్కనుమ వంటల రుచే వేరు. దప్పళం మర్నాటికి ముక్కల్లోకి పులుపు, బెల్లం దిగి చిక్కగా అవుతుంది. పులిహోర ఊరుతుంది. రాత్రి గారె పొద్దున్నే పెరుగులో పడితే అది ఇంకో వంట. పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు గానీ, చద్దన్నం చెడ్డదని ఎవరూ అనలేదు. మా గొడవ కూర గురించి కాదు. అందరూ కలిసి తింటే అదే కూర పండగ. ఒక్క మనిషి గోడవారన కూర్చుని గిన్నె అడుగు గీక్కుంటే అదే కూర ఎంగిలి బతుకు.

అందుకని ఆ రోజే తీర్మానం రాశాం. మినిట్స్ పుస్తకంలో ఉంది, పదకొండు సంతకాలతో. నాలుగు ముక్కల్లో చెప్తాం.

ఒకటి. ముక్కనుమ మధ్యాహ్నం మన ఇళ్ళల్లో కొత్త వంట లేదు. వేడి అన్నం ఒక్కటి వండుతాం, మిగతావి వేడి చేస్తాం, అంతే.

రెండు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒకే పంక్తిలో కూర్చోవాలి. గిన్నెలు మధ్యలో పెట్టాలి. ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోవాలి. మనమూ ఆ పంక్తిలోనే కూర్చోవాలి.

మూడు. అందరికీ అరిటాకులే. కోనసీమలో అరిటాకుకి కొదవ ఏముంది? తిన్నాక ఎవరి ఆకు వాళ్ళు తియ్యాలి. కంచాలు తోమే పని లేదు.

నాలుగు. పిల్లలకి పెట్టడానికి పనికిరాని కూర మనకీ పనికిరాదు. ముక్కు దగ్గర పెట్టుకుని అనుమానం వచ్చిందా, అది గోతిలోకే.

ఈ నాలుగోదే అన్నిటికన్నా కష్టమైంది. మన చేతులకి పారబొయ్యడం రాదు. కరువు చూసిన చేతులు. అందుకని పారబొయ్యాల్సిన అవసరమే రాకుండా సర్దుకోవడం నేర్చుకున్నాం. ఇది మీకూ పనికొస్తుందని చెప్తున్నాం.

మధ్యాహ్నం భోజనాలు అవగానే, నడుం వాల్చేముందే, మిగిలినవి సర్దెయ్యాలి. రెండు గంటలు దాటనివ్వకూడదు. పెద్ద గుండిగలో వేడివేడిగా ఉన్నదానికి మూత పెట్టేస్తే పైన చల్లారినట్టు ఉంటుంది గానీ, లోపల గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. పాడయ్యేది ఆ గోరువెచ్చదనంలోనే. అందుకని వెడల్పు పళ్ళేల్లో, చిన్న గిన్నెల్లో పంచి చల్లార్చాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్ళు అందులో పెట్టుకోవాలి. మా సంఘంలో అయిదుగురికి ఫ్రిజ్ లేదు. వాళ్ళ గిన్నెలు మిగతా ఆరు ఇళ్ళల్లో పెట్టాం. ఎవరి గిన్నె ఏదో తెలియడానికి మూత మీద కాగితం అంటించి పేరు రాశాం. అప్పులు ఇచ్చిపుచ్చుకుంటాం, ఫ్రిజ్‌లో రెండు గిన్నెల చోటు ఇవ్వలేమా?

అన్నం దగ్గర ఇంకా జాగ్రత్త. రోజంతా బయట ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. "మరిగించేశాను కదా, ఏం కాదు" అనుకోకూడదు. చద్దన్నం కావాలంటే రాత్రి వండిన అన్నం చల్లారగానే నీళ్ళు పోసి, చెంచాడు మజ్జిగ కలిపి, పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తినెయ్యాలి. మధ్యాహ్నం దాకా ఉంచకూడదు.

కొబ్బరి పచ్చడి, పాలు పోసిన పరవాన్నం ఏ పూటకి ఆ పూటే. కోడి పులుసు, దప్పళం మర్నాడు తినేటప్పుడు తినేంతే తీసి, తెర్లేదాకా మరగనివ్వాలి. గోరువెచ్చ చేస్తే చాలదు. ఒకసారి వేడి చేసింది మళ్ళీ దాచకూడదు. పులిహోరకి చింతపండు, నూనె, ఉప్పు కాపలా కాబట్టి జనవరి చలికి మర్నాటికి ఉంటుంది. కానీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో మాత్రం పులుపు ఉంచకండి, చిలుము దిగుతుంది. గారెల్ని గోరువెచ్చని నీళ్ళల్లో ముంచి, నొక్కి నీళ్ళు తీసి, తాలింపు పెట్టిన పెరుగులో వేస్తే పిల్లలు కొట్టుకుంటారు. కొన్ని బెల్లం పాకంలో వేస్తే పాకం గారెలు. బూరెల్ని పెనం మీద సన్నసెగన తిప్పి, పైన చిల్లు పెట్టి నెయ్యి పొయ్యండి. వాటిల్లో ఉడికిన పప్పు ఉంది కాబట్టి ఆ రోజుతో అవ్వాలి. అరిసెలు, చక్రాలు బాగా ఆరాక తడి చెయ్యి తగలకుండా డబ్బాలో పెడితే వాటికి తొందర లేదు.

పశువులున్నవాళ్ళకి ఒక మాట. "పారబోసే బదులు గేదెకి పెడదాం" అని మిగిలిన అన్నమంతా కుడితిలో వేసేస్తాం. గేదె కడుపుకి అంత అన్నం ఒక్కసారి పడదు. పులిసిపోతుంది, కడుపు ఉబ్బుతుంది, నెమరు ఆగిపోతుంది. పాలు తగ్గుతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. కనుమనాడు బొట్టు పెట్టి దండం పెట్టిన పశువుకి ముక్కనుమనాడు మనమే జబ్బు తెచ్చిపెట్టినట్టు అవుతుంది. ఏదో ఒక ముద్ద పెట్టండి, గుండిగ బోర్లించకండి.

సరే, తీర్మానం రాశాం. జరిగిందా? జరిగినట్టూ చెప్తాం, జరగనట్టూ చెప్తాం.

మొదటి ఏడాది పదకొండు ఇళ్ళల్లో ఆరు ఇళ్ళల్లో జరిగింది. ఒక ఇంట్లో అత్తగారు "కోడళ్ళు మగవాళ్ళతో సమానంగా కూర్చుంటారా, మా కాలంలో ఎరుగుదుమా" అన్నారు. కోడలు ఎదురు చెప్పలేదు. "మీరు కూడా కూర్చోండి అత్తయ్యా, మీరు ఎన్నడు కూర్చున్నారు గనక" అని ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ కాసేపు సర్దుకుని, ఆకు ముందుకి లాక్కుని తిన్నారు. ఈ ఏడాది అరిటాకులు కోయించింది ఆవిడే.

ఇంకో ఇంట్లో అందరూ కూర్చున్నారు, మా సభ్యురాలూ కూర్చుంది. కూర్చున్న రెండు నిమిషాల్లో ఆయన "మంచినీళ్ళు" అన్నాడు. ఈమె కాళ్ళు వాటంతట అవే లేచేశాయి. పక్కనున్న ఎనిమిదో తరగతి కూతురు చీర కుచ్చెళ్ళు పట్టుకుని, "అమ్మా, తీర్మానం" అంది. అందరూ నవ్వారు. ఆయనే లేచి వెళ్ళి బిందెలోంచి చెంబుతో ముంచుకొచ్చాడు, ఈమెకి కూడా పోశాడు. ఆ లేచిన మనిషి ఎవరో కాదు, సంఘం నాయకురాలే, ఇప్పుడు మైకు ముందు నిలబడ్డదే. తీర్మానం రాసిన చెయ్యి కూడా అలవాటు మానలేదన్న మాట. అందుకే ఎవరింట్లోనైనా కుదరకపోతే మేము తప్పు పట్టం.

ఒక ఇంట్లో అసలు జరగలేదు. ఆయన ఆకు ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. "సంఘం వాళ్ళు నా ఇంట్లో భోజనం ఎలా చెయ్యాలో కూడా చెప్తారా" అన్నాడు. ఆమె ఏడవలేదు. ఇద్దరు ఆడపిల్లల్ని చెరోపక్కా కూర్చోబెట్టుకుని తినింది. రెండో ఏడూ అంతే. మొన్నటి పండక్కి కూడా ఆయన పంక్తిలో కూర్చోలేదు. కానీ లేచి వెళ్ళిపోలేదు, అరుగు మీద కూర్చుని పిల్లల చేత ఆకులో పెట్టించుకుని తిన్నాడట. ఆమె ఈ సంగతి మీటింగులో చెప్పినప్పుడు ఎవరం చప్పట్లు కొట్టలేదు. అది ఇంకా సగం దారే. కానీ రాయమంది, రాశాం.

గల్ఫ్ నుంచి వచ్చిన ఆమె సంగతి కూడా చెప్పాలి. ఆమె వెళ్ళేటప్పుడు కూతురికి నాలుగేళ్ళు, వచ్చేటప్పటికి పది. తల్లి పక్కన కూర్చుని తినడం ఆ పిల్లకి కొత్త. మొదటి ముక్కనుమ నాడు మాట్లాడకుండా తినింది. రెండో ఏడు తన ఆకులోని బూరెని రెండు ముక్కలు చేసి సగం తల్లి ఆకులో వేసింది. "అక్కడ కూడా మిగిలిందే తిన్నాను, ఇక్కడా మిగిలిందే. కానీ ఇది ఎవరూ వదిలేసింది కాదు, నాకని పెట్టింది" అని ఆమె మాతో చెప్పింది.

ఒంటరిగా ఉండే పెద్దామెని, అదే వేడి గారె మాట చెప్పినావిడని, మొదటి ఏడాది నుంచీ ఒక్కో ఏడాది ఒక్కో ఇంటికి పిలుస్తున్నాం. క్రిందటి ఏడాది మా ఇంటికి వచ్చారు. మనవలు కానివాళ్ళు కూడా మనవళ్ళలాగే చుట్టూ చేరారు. పిల్లలు గారెల కోసం కొట్టుకుంటుంటే ఆవిడ 1996 తుపాను సంగతి చెప్పారు. ఆ ఏడు నవంబరు 6న వచ్చిన గాలికి కోనసీమలో కొబ్బరి తోటలు పడిపోయాయి, ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, ఎందరో పోయారు. మాలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలం, గాలి హోరు ఒక్కటే గుర్తు. రెండు నెలల్లో సంక్రాంతి వచ్చింది. ఆవిడ ఇంట్లో ఎవరో ఇచ్చిన అరిసెలు రెండే ఉన్నాయట. నలుగురు పిల్లలకి తలో సగం విరిచి పెట్టారట. "ఆ పండక్కి గిన్నెలో ఏమీ మిగల్లేదర్రా. మిగలడం అంటే ఎంత అదృష్టమో అప్పుడు తెలిసింది" అన్నారు.

మా చిన్నాడు "మరి నువ్వేం తిన్నావు నాయనమ్మా?" అని అడిగాడు. ఆవిడ సమాధానం చెప్పకుండా "నీ గారె చల్లారిపోతోంది, తిను" అన్నారు. వాడికి సమాధానం అర్థమైనట్టుంది. పొయ్యి మీద పెనం పెట్టమని వాడే వాళ్ళ నాన్నని లేపాడు. డబ్బాలో మిగిలిన పిండి కొంచెం ఉంది. తీర్మానంలో కొత్త వంట లేదని రాసుకున్నాం గానీ, ఆ ఒక్కసారికి తప్పాం. రెండు గారెలు వేశాం, మూకుట్లోంచి తీసి నేరుగా ఆవిడ ఆకులో. ఆవిడ ఊదుకుంటూ తిన్నారు.

ఆ సంగతి ఇంతకన్నా చెప్పం.

ఇందులో సంఘానికి లాభం ఏంటి అని అడిగేవాళ్ళకి లెక్కలో కూడా చెప్తాం. పంక్తిలో కూర్చుంటే ఏది ఎంత మిగిలిందో ఇంట్లో అందరికీ కనబడుతుంది. ఇంతకు ముందు మిగిలింది మన కళ్ళకే కనబడేది. ఇప్పుడు మగవాళ్ళే "ఇన్ని బూరెలు ఎందుకు చేశారు, తగ్గించండి" అంటున్నారు. రెండో ఏడాది నుంచి పదకొండు ఇళ్ళకి కలిపి అరిసెలు ఒకే ఇంటి పెరట్లో, ఒకే పొయ్యి మీద చేశాం. ఒకరు పాకం, ఒకరు పిండి, ఒకరు ఒత్తడం, ఒకరు నూనెలోంచి తియ్యడం. పని సగమైంది. పోయిన పండక్కి మా రిజిస్టరులో "పండగ ఖర్చు" అని అప్పు తీసుకున్నవాళ్ళు ఇద్దరే. తిని జబ్బు పడి "ఆరోగ్యం" అని తీసుకున్నవాళ్ళు ఈ రెండేళ్ళలో ఒక్కళ్ళూ లేరు.

చివరగా మీకు మా మనవి. మీరు ఏ పండగైనా చేసుకోండి. మీలో రంజాన్ చేసుకునేవాళ్ళున్నారు, క్రిస్మస్ చేసుకునేవాళ్ళున్నారు, దసరా బతుకమ్మ ఊళ్ళ నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళున్నారు. అన్ని పండగలకీ మర్నాడు ఉంటుంది. అన్ని వంటింట్లోనూ గిన్నెలు మిగుల్తాయి. పండగ రోజు ఎలాగూ మనది కాదు, దేవుడిది, పెద్దలది, చుట్టాలది. ఆ మర్నాడు ఒక్క పూట ఇంటి వాళ్ళందరితో కలిసి మీరు కూర్చోండి. వేడి చేసిన కూర మధ్యలో పెట్టండి. "నాకు ఆకలి లేదు, మీరు తినండి" అనే అబద్ధం ఆ ఒక్క పూట ఆడకండి. అది మనం అందరం ఆడే అబద్ధమే కదా.

వచ్చే సంక్రాంతి తర్వాత మీ సంఘం మొదటి మీటింగులో మా ప్రశ్నే వెయ్యండి. ఒక్క పూటైనా కలిసి కూర్చుని తిన్నారా అని వరసగా అడగండి. అవునన్నవాళ్ళు ఎంతమందో రాసుకుని, వచ్చే ఏడాది ఈ సభకి తీసుకురండి. పొదుపు పట్టిక పక్కన ఆ లెక్క కూడా వెయ్యమని సమాఖ్యని అడుగుదాం.

మా పది నిమిషాలు అయిపోయినట్టున్నాయి.  బయట మధ్యాహ్నం భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. వడ్డించే చెల్లెళ్ళు కూడా మనతో పాటే కూర్చోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.